అక్క వంతు ఎనిమిది సెకన్లు

4, ఆదివారం

నేను తయారుచేసిన కథల ఆట ఏడోసారి ఆడాం. ఈ పూట నా భుజం నేనే తట్టుకోవాలి, ఇంకెవరూ తట్టేలా లేరు.

వంటింటి టైమరు పక్కన పెట్టుకుని ఎవరి వంతుకి ఎంతసేపు పడుతోందో రాశాను. బావది వీరుడి పాత్ర. బయట లిఫ్టులు బాగుచేసే మనిషి కాబట్టి ఆటలో కూడా ఎక్కడం, దూకడం తప్ప ఇంకో ధ్యాస లేదు. సగటున నిమిషం పది సెకన్లు. లెక్కల టీచరు మాంత్రికురాలు. ఆవిడ ఏ మంత్రం వేయాలన్నా ముందు దాన్ని రుజువు చేయాలి, అందుకని రెండు నిమిషాల నలభై. అక్క వైద్యురాలు. ఎనిమిది సెకన్లు.

ఎనిమిదంటే ఎనిమిదే. నియమాల పుస్తకం తెరవలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. పాచిక పడింది, "అయిదు, ఆయనకి" అంది, మళ్ళీ తన డ్యూటీ చార్టు ముందేసుకుంది. వచ్చే వారం ఆపరేషన్ థియేటర్లో ఏ నర్సుకి ఏ షిఫ్టో చూపించే చార్టు. ఆట అయ్యేసరికి ఆ చార్టు కూడా పూర్తయింది. ఆడుతూ ఆడుతూ వారం మొత్తం ఆఫీసు పని చేసుకోగలిగేంత సులువైన క్లాసు ఎవడైనా తయారుచేశాడా? నేను చేశాను.

ఇరవై అయిదున ఆటల కంపెనీ ఆవిడ వచ్చి మేం ఆడుతుంటే చూస్తుంది. నచ్చితే పెట్టెలో పెట్టి అచ్చువేస్తారు. నచ్చక ఏం చేస్తుంది?

5, సోమవారం

కంపెనీవాళ్ళు ఫారం పంపారు. ఆట తెలియనివాళ్ళకి కూడా అర్థమయ్యేలా పది వాక్యాల్లో రాయాలట. నేను కట్టుడుపళ్ళు చేసే ల్యాబులో మధ్యాహ్నం మైనం ఆరేలోపు ఇలా రాశాను:

"ఇది బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ. ఒకరు కథ చెబుతారు: కోట ఉంది, తలుపు మూసి ఉంది, లోపల ఏదో గురక పెడుతోంది. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. 'నేను తలుపు తంతాను' అంటే తన్నినట్టే. తలుపు ఊడిందా, కాలు విరిగిందా అన్నది పాచిక చెబుతుంది. ఏ పాత్ర ఏం చేయగలదో, ఏం చేయలేదో ఒక కాగితం మీద ఉంటుంది. దాన్ని క్లాసు అంటాం. మా ఆటలో మూడు క్లాసులు: వీరుడు కొడతాడు, మాంత్రికురాలు కాలుస్తుంది, వైద్యురాలు బాగుచేస్తుంది."

ఎనిమిదే వాక్యాలు వచ్చాయి. మిగతా రెండూ నన్ను నేను పొగుడుకోవడానికి వాడుకుందామనుకున్నాను గాని ఓనరు వచ్చి కింది దవడ సెట్టు ఏమైందని అడిగాడు. పొద్దుణ్ణుంచి మూడు పళ్ళ సెట్లు. ఎవరివో తెలియని పళ్ళతో బతుకుతున్నాను.

7, బుధవారం

అక్క ఫోన్ చేసింది. ఇకమీదట రానంది, తన బదులు ఇంకెవరినైనా చూసుకోమంది.

ఎందుకని అడిగితే డ్యూటీలు ఎక్కువయ్యాయంది. మోకాళ్ళు నొప్పంది. ఉతకాల్సిన బట్టలు పేరుకుపోయాయంది. ఒక్క కారణం చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి. మోకాళ్ళు నొప్పయితే కూర్చుని ఆడే ఆట మానేయడమేమిటో కూడా తెలియలేదు. సరే, ఆదివారం ఒక్కటీ రమ్మని బతిమాలాను. బావ వెనకనుంచి ఏదో అన్నాడు. వస్తానంది.

డ్యూటీలు ఎక్కువయ్యాయి, అంతే. ఇరవై అయిదు దగ్గర పడుతుంటే మనిషి తగ్గితే ఎలా అన్నదే నా బెంగ. అక్కా నేనూ వారానికి కలిసి కూర్చునేది ఆ ఒక్క పూటే, అది వేరే సంగతి. అసలు సంగతి ఇరవై అయిదు.

9, శుక్రవారం

దొరికింది. వైద్యం చాలట్లేదు! ఒక్క పాచిక వేస్తే ఎంతని బాగవుతుంది, ఎవరికైనా విసుగే. రెండు పాచికలు చేశాను. ఇప్పుడు అక్క చెయ్యి పడితే చచ్చినవాడు కూడా లేచి కూర్చుంటాడు.

11, ఆదివారం

అక్క వంతు ఆరు సెకన్లు! ఇంకా మెరుగు.

బావ మాత్రం రెచ్చిపోయాడు. కోటగోడ మూడంతస్తుల ఎత్తు, దిగడానికి మెట్లున్నాయి, చెప్పాను. దూకుతానన్నాడు. టీచరు ఎందుకండీ అంటే, "మా ఆవిడ ఉందిగా, అతికిస్తుంది" అన్నాడు. దూకాడు, రెండు కాళ్ళూ పోయాయి. అక్క చార్టులోంచి తలెత్తి, "దూకేముందు నన్నొక్క మాట అడిగారా?" అంది. బావ నవ్వాడు. రెండు పాచికలూ పడ్డాయి, అక్క "తొమ్మిది" అని మళ్ళీ తల దించేసుకుంది. పాత్రలో లీనమై మాట్లాడింది. ఇది ఫారంలో రాయాలి.

ఆట అయ్యాక మెట్ల దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. ఆఖరి మెట్టు మీద ఆగింది.

"ఇరవై అయిదున వస్తాను. నీ పరువు పోనివ్వనులే. ఆ తరవాత మాత్రం నన్ను వదిలెయ్యరా."

కోపంగా అనలేదు. గ్యాసు సిలిండర్ ఎప్పుడొస్తుందని అడిగినట్టు అంది.

అంటే ఇరవై అయిదుకి ముగ్గురూ ఉన్నారు. సమస్య తీరింది.

13, మంగళవారం

సమస్య తీరింది.

14, బుధవారం

తీరింది కదా, మరి పొద్దున పైదవడకి కింది పళ్ళు ఎందుకు అతికించాను? ఓనరు చూసి, "ఈయన నవ్వితే పిల్లలు జడుసుకుంటారు" అన్నాడు. అంతా ఊడదీసి మళ్ళీ మొదటినుంచి.

సాయంత్రం టీచరు నియమాల పుస్తకం తిరిగివ్వడానికి వచ్చింది. మా పక్కవీధి హైస్కూల్లో ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతోంది, ఎక్కడ అంకెలు కనబడితే అక్కడ కూర్చుండిపోతుంది. నా టైమరు పట్టిక కనబడింది. గర్వంగా ముందుకి జరిపాను. అక్క వరస మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివింది. మొదటి ఆట యాభై రెండు సెకన్లు. తరవాత నలభై ఒకటి. ఇరవై ఆరు, పంతొమ్మిది, పన్నెండు, తొమ్మిది, ఎనిమిది, ఆరు.

చూశారా ఎంత సాఫీ అయిపోయిందో అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అలా తుడుచుకుందంటే ఎవరికో మార్కులు పోతున్నాయని అర్థం.

"పరీక్షలో పేపరు తొందరగా ఇచ్చేసేవాళ్ళు రెండు రకాలండీ. అన్నీ వచ్చినవాళ్ళు ఒకరకం. రాయడానికి ఏమీ లేనివాళ్ళు ఇంకోరకం. అక్కయ్యగారు ఎనిమిది వారాలుగా మెల్లగా లేచి వెళ్ళిపోతున్నారు. కుర్చీలోంచి లేవలేదు, అంతే తేడా."

టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. నేనే ఇవ్వలేదు.

15, గురువారం

లెక్కల టీచరుకి మనుషుల గురించి ఏం తెలుసు.

16, శుక్రవారం

ఏమీ తెలియదు.

18, ఆదివారం

అక్క రాలేదు, డ్యూటీ. ఈసారి నిజం డ్యూటీయే, బావని అడిగి రూఢి చేసుకున్నాను.

టీచరుని ఓడించడానికి ఒకటే దారి కనిపించింది. కథ ఆవిణ్ణి చెప్పమని, నేను అక్క కుర్చీలో అక్క కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఎంత సులువైన, ఎంత హాయైన క్లాసో నిరూపించి చూపిద్దామని. టైమరు బావ చేతికిచ్చాను.

మొదటి వంతు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాగితం చూశాను. ఎవరికీ దెబ్బ తగలనప్పుడు ఏం చేయాలో నేను రాయలేదు. "ఏమీ చేయను" అన్నాను. మూడు సెకన్లు.

రెండో వంతు కోసం పదకొండు నిమిషాలు చూశాను. బావకి దెబ్బ తగిలిందా అని చూస్తూ కూర్చున్నాను. తగిలితే బాగుండునని కూడా అనుకున్నాను, పాపం. తగిలింది. పాచికలు వేశాను, ఏడు, అయిపోయింది. అందులో నేను తేల్చుకోవాల్సింది ఏముంది? ఎవరికి ఎక్కువ తగిలిందో కళ్ళకి కనిపిస్తూనే ఉంది. ఎంత బాగుచేయాలో పాచిక చెబుతోంది. నా చెయ్యి తీసేసి మర పెట్టినా ఆట ఆగదు.

నాలుగో వంతుకి గోళ్ళలో మైనం గీక్కుంటున్నాను. ఆరో వంతుకి బావ నా పేరిటే పాచికలు వేసేసి, "ఎనిమిది వచ్చింది, థాంక్స్ బావమరిదీ" అన్నాడు. నేను ఉన్నానో లేనో కూడా చూడలేదు. ఒళ్ళు మండిపోయింది. నా పాచికలు నువ్వెలా వేస్తావని అరిచాను. "మీ అక్కవి ప్రతివారం నేనే వేస్తున్నాగా" అన్నాడు.

ఎప్పట్నుంచి అని అడిగాను. అయిదో ఆట నుంచట. నేను టైమరు చూసుకుంటున్నాను కాబట్టి చూడలేదు.

లేచి టీచరుకి టీ పెట్టి ఇచ్చాను, బుధవారంది కూడా కలిపి రెండు కప్పులు.

19, సోమవారం

కాగితాల పైన పాత్ర పేరు రాసుకునే గడి ఒకటుంది. బావ గడిలో వంకర అక్షరాలతో "పిడుగు" అని ఉంది. టీచరు గడిలో అచ్చుగుద్దినట్టు "సున్న" అని ఉంది. అక్క గడిలో "అక్క" అని ఉంది.

నా చేతిరాత. మొదటి రోజు ఆవిడ వచ్చేలోపే కాగితమంతా నేనే నింపి పెట్టాను. నర్సు కదా, వైద్యురాలు కాక ఇంకేమవుతుంది అనుకున్నాను. పెన్సిలు కూడా ఇవ్వలేదు.

20, మంగళవారం

ల్యాబులో సగంపూట సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్ళాను. క్యాంటీన్ పక్క సిమెంటు బెంచీ మీద అక్క కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది, నెత్తిన ఆకుపచ్చ టోపీ ఇంకా తీయలేదు. నన్ను చూసి ముందు కంగారుపడింది, ఎవరికేమైందని. ఎవరికీ ఏమీ కాలేదు, నీకేం కావాలో అడుగుదామని వచ్చానన్నాను.

దారిలో అంతా సిద్ధం చేసుకున్నాను. దొంగ క్లాసు ఇస్తానన్నాను, తాళాలు పగలగొట్టొచ్చు. విలుకత్తె అయితే దూరం నుంచి కొట్టొచ్చు. వారమంతా కట్లు చూసి చూసి విసిగిపోయుంటావు కదా అన్నాను. అక్క నవ్వడం మొదలుపెట్టింది. టోపీ జారిపోయేదాకా నవ్వింది.

"నేను కట్లు కడతానని ఎవరు చెప్పార్రా నీకు? పంతొమ్మిదేళ్ళయింది థియేటర్లో చేరి. ఒక్క కట్టు కట్టలేదు."

మరి ఏం చేస్తావన్నాను. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి అడిగాను. రాస్తుంటే సిగ్గేస్తోంది, అయినా రాయాలి.

లెక్కపెడుతుందట. ఆపరేషన్ మొదలయ్యే ముందు ఎన్ని కత్తెరలు, ఎన్ని సూదులు, ఎన్ని గాజుగుడ్డలు. కుట్లు వేసే ముందు మళ్ళీ లెక్కపెడుతుంది. ఒక్క గుడ్డ తగ్గినా సరే, ఎంత పెద్ద డాక్టరయినా సరే, ఆవిడ "ఆగండి" అందంటే కుట్టు వేయడానికి లేదు. చేతులు గాల్లో పెట్టుకుని అందరూ నిలబడాలి. ఒకసారి ఒక పెద్దాయన నా మీద నమ్మకం లేదా అని కసిరాడట. నమ్మకం ఉందండీ, గుడ్డే లేదు అందట. ఇరవై నిమిషాలు వెతికారు. దొరికింది, ఎక్కడ దొరికిందో చెప్పలేదు గాని చెయ్యి పొట్ట మీద వేసుకుంది.

"ఆపడం తేలికనుకోకు. ఉత్తినే ఆపావనుకో, ఆ ఇరవై నిమిషాలూ మత్తులో ఉన్న మనిషికి ప్రమాదం. ఆ పూచీ నాదే. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు ఊరుకోవాలో, అదే నా పని. నీ బల్ల దగ్గర మాత్రం మీ బావ దూకుతాడు, నేను లెక్క చెబుతాను. దూకొద్దనడానికి నాకు నోరే లేదు. అక్కడ నేనెందుకురా?"

నా దగ్గర ఉన్నవన్నీ పట్టికలో సెకన్లే. లోపల్నుంచి ఎవరో పిలిచారు, లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, బిస్కెట్లు తెచ్చావా అంది. తేలేదు. అదీ మరిచిపోయాను.

21, బుధవారం

బస్సులో రాసుకున్నవి, మరిచిపోకుండా:

ఎవరికీ దెబ్బ తగలని రోజున కూడా చేయడానికి పని ఉండాలి.

వంతు వచ్చినప్పుడు కనీసం రెండు దారులుండాలి, రెంటిలో ఏది మంచిదో నాకు కూడా తెలియకూడదు. నాకు తెలిసిపోతే ఇంక ఆడేవాళ్ళెందుకు.

ఆ మనిషి బల్ల దగ్గర లేకపోతే మిగతావాళ్ళు వేరేగా ఆడాలి. బావ దూకడానికి ముందు అటు తిరిగి చూడాలి!

ఏం చేసినా దానికి తన ఒంటి మీద కొంత పడాలి. ఊరికే వచ్చింది చేతిలో నిలవదు.

గడి ఖాళీగా ఉంచాలి. పెన్సిలు ఇవ్వాలి.

22, గురువారం

ఆవేశంలో పన్నెండు శక్తులు రాసేశాను. ఆపగలదు, ఎగరగలదు, గోడల్లోంచి చూడగలదు, జంతువులతో మాట్లాడగలదు. టీచరుకి ఫోన్లో చదివి వినిపించాను. ఇది క్లాసు కాదండీ, క్షమాపణ పత్రం అంది. నా గాలి తీయడానికి ఆవిడకి జీతమిస్తున్నారేమో.

పదకొండు కొట్టేశాను. మిగిలింది ఒకటి: పాచిక పడకముందు ఎవరినైనా ఆపవచ్చు. ఆపితే, బదులుగా ఏం జరగాలో ఆవిడే చెప్పాలి, పాచిక ఆవిడే వేయాలి, తప్పితే దెబ్బ ఆవిడకే. ఆటకి మూడుసార్లు.

ఈ క్లాసుకి పేరేమిటని బావని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అడ్డుపుల్ల" అన్నాడు. ఇరవై ఏళ్ళ కాపురం ఆ ఒక్క మాటలో వినబడింది. అదే ఖాయం చేశాను.

24, శనివారం

ల్యాబులో చిగుళ్ళకి వాడే గులాబి రంగు ముద్ద మిగిలితే, ఆపిన ప్రతిసారీ ఒకటి బల్ల మీద వేయడానికి మూడు పుల్లలు పోశాను. వేలంత పొడవు, బాగా పాలిష్ పట్టాను, తళతళలాడుతున్నాయి. ఓనరు చూసి ఇవి ఏ జంతువు పళ్ళని అడిగాడు. మా అక్కవన్నాను.

రేపు.

25, ఆదివారం

అన్నీ వరసగా రాస్తాను, తొందరపడను.

కంపెనీ ఆవిడ మూడింటికల్లా వచ్చింది. చిన్న నోటుబుక్కు, పెద్ద నవ్వు. నేను పట్టిక ఇచ్చాను, టైమరు పెట్టుకున్నాను. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, ఎవరికోసమో. అక్క వచ్చి డ్యూటీ చార్టు సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది. నేను దాని మీద కొత్త కాగితం, పెన్సిలు, మూడు పుల్లలు పెట్టాను. ఏమీ వివరించలేదు. చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. పుల్ల ఒకటి తీసి వాసన చూసి, "ఛీ, పళ్ళ డాక్టరు కంపు" అంది. పేరు గడిలో ఏదో రాసి మడత పెట్టేసింది.

కథ మొదలుపెట్టాను. కోట లోపలి హాలు, చివర్న ఇనప తలుపు, దాని అవతల గురక. బావ లేచి నిలబడి దూలం మీంచి దూకుతానన్నాడు. పాచిక చేతిలోకి తీసుకున్నాడు. బల్ల మీద ఠకీమని చప్పుడు.

"ఆగండి."

బావ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అక్క బదులు చెప్పింది: తాడు కట్టుకుని దిగాలి. పాచిక తనే వేసింది, రెండొచ్చింది. తాడు తెగింది, దెబ్బ తనకే తగిలింది. బావ మొహం చూడాలి. పాపం, దూకినా బాగుండేదేమో అన్నాడు. అక్క తెల్లబోతుందనుకున్నాను. అక్క కళ్ళు మెరుస్తున్నాయి. కుర్చీ ముందుకి లాక్కుంది.

రెండో పుల్ల టీచరు మీద పడింది. హాలంతా కాల్చేస్తానని ఆవిడ అప్పటికే సగం రుజువు చేసేసింది. అక్క ఆపి, తలుపు బందులు మాత్రం కాల్చమంది. అయిదొచ్చింది, తలుపు ఊడింది. ఇంక బావా టీచరూ ఏ పని చేసే ముందైనా అటు తిరిగి చూడటం మొదలుపెట్టారు. పుల్ల ఒక్కటే మిగిలింది, అది అక్క వేళ్ళ మధ్య తిరుగుతోంది.

అక్క వంతు. లోపల కొండంత రాక్షసి, నిద్రలో ఉంది, గురకకి నేల అదురుతోంది. బావ కొట్టేద్దామంటాడు, టీచరు కాల్చేద్దామంటుంది. అక్క పుల్ల తిప్పుతూనే ఉంది. ఒక నిమిషం. రెండు. కంపెనీ ఆవిడ గడియారం చూసింది. కథ కదిలించాలి కదా, అందుకని "ఇంతలో రాక్షసి కళ్ళు తెరిచి..." అంటూ నా పాచిక తీసుకున్నాను.

పుల్ల నా ముందు పడింది.

"నువ్వే ఆగు."

నన్నా అన్నాను. ఎవరినైనా అని రాశావుగా అంది. కంపెనీ ఆవిడ నియమాల్లో ఉందా అని అడిగింది. టీచరు పుస్తకం తెరవకుండానే పేజీ అంకె చెప్పింది.

"అది లేవదు. నేను దాని పక్కన కూర్చుని ఊపిరి వింటాను. నిద్రపోయేవాళ్ళ గురక కాదిది, గొంతులో ఏదో అడ్డం పడింది. నోరు తెరిచి చెయ్యి పెడతాను."

నేను అలాంటిదేమీ అనుకోలేదు. గురక ఊరికే భయపెట్టడానికి పెట్టాను. పాచిక వేసింది. నాలుగు కావాలి. నాలుగే వచ్చింది.

గొంతులో పాత గుడి గంటో, డాలో ఏదో ఒకటి ఉండాలి కదా, డాలు అన్నాను. తీసింది. గురక ఆగిపోయింది. రాక్షసి లేచి అక్కవైపు చూసి పక్కకి తప్పుకుంది. బావ చప్పట్లు కొట్టాడు. టీచరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది, ఈసారి మార్కుల కోసం కాదనుకుంటాను. తొమ్మిది ఆటల్లో ఎవడూ అడగకపోయినా అక్క బాగుచేసింది ఇదొక్కటే, అదీ శత్రువుని.

వంతు నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.

వెళ్ళేటప్పుడు మళ్ళీ వస్తావా అని అడగలేకపోయాను. వదిలెయ్యమంది కదా. బల్ల సర్దుతుంటే పుల్లలు కనబడలేదు. బల్ల కింద కూడా చూశాను. డ్యూటీ చార్టు మాత్రం ఇక్కడే మరిచిపోయింది, దాని మీద ఒక్క గీత కూడా లేదు.

28, బుధవారం

కంపెనీ ఉత్తరం. ఆట నచ్చింది. వీరుడు బాగున్నాడు, మాంత్రికురాలు బాగుంది. అడ్డుపుల్ల చూడముచ్చటగా ఉంది గాని వంతుకి నాలుగు నిమిషాలంటే కొత్తవాళ్ళు జంకుతారు. మీరిచ్చిన పట్టికలో పాత వైద్యురాలు ఎనిమిది సెకన్లే అని ఉంది, అది చాలా ఆకట్టుకుంది, ఆమెనే తిరిగి పెడితే అచ్చుకి సిద్ధం.

గట్టిగా నవ్వాను. పక్క బల్లవాడు ఉలిక్కిపడ్డాడు. నా ఎనిమిది సెకన్లు ఎంత గొప్పవో అర్థం చేసుకున్న మనిషి ఈ భూమ్మీద ఒకరున్నారు.

"పాత వైద్యురాలు మానేసిందండీ. ఆమె రాదు" అని జవాబు రాశాను. పంపే ముందు రెండుసార్లు చదివాను. పంపాను. బాధగా ఉంటుందనుకున్నాను. ఆకలేసింది.

30, శుక్రవారం

అక్క ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. చార్టు ఇవ్వడానికి వెళ్దామనుకున్నాను, అది సాకని ఆవిడకి వెంటనే తెలిసిపోతుంది.

2, ఆదివారం

మూడింటికి టీచరు వచ్చింది. మూడుంపావుకి బావ వచ్చాడు, ఒక్కడే. మీ అక్క ఏదో పనిలో ఉందన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా. సరేనన్నాను. ఇద్దరితో కూడా ఆడొచ్చు, కథ కొంచెం మార్చాలి అంతే. మార్చడం మొదలుపెట్టాను. రాక్షసిని తీసేశాను, అక్క లేకుండా అదెందుకు.

మూడున్నరకి మెట్ల మీద చప్పుడు. మోకాళ్ళు నొప్పిగా ఉన్న మనిషి ఎక్కే చప్పుడు, ఆగి ఆగి. బావ పెదవి కొరుక్కుంటున్నాడు, నవ్వు ఆపుకోలేక. దొంగ. అన్నీ తెలిసే వచ్చాడు.

అక్క లోపలికి వచ్చి, "ఏం మూడున్నరకే మొదలుపెట్టేశారా? బట్టలారేసి రావద్దూ" అంది. సంచీలోంచి గులాబి పుల్లలు మూడూ తీసి బల్ల మీద వరసగా పెట్టింది. ఇంట్లో వేడినీళ్ళలో మరిగించి తెచ్చిందట, ఆ కంపు పోయేదాకా. కాగితం మడత విప్పి నావైపు తిప్పింది. పేరు గడిలో "కత్తెర" అని ఉంది. పెన్సిలు ఎంత గట్టిగా నొక్కిందో, అవతలివైపుకి అచ్చు పడింది.

నేను రాక్షసిని మళ్ళీ లోపల పెట్టాను.

ఈవాళ్టి పట్టిక: బావ వంతు నిమిషం. టీచరు రెండు నిమిషాల యాభై. అక్క వంతు తెలియదు. టైమరు నొక్కడం మరిచిపోయాను.